ఎడమ వెనక చక్రం నిపుల్ గారికి

మహారాజశ్రీ బ్లీడర్ నిపుల్ గారికి,

నెల్లూరు మైపాడు రోడ్డు నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం కాదు. కుడిచేతి కణుపులు రెండు చెక్కుకుపోయాయి. బ్రేకులోని పాత ఆయిల్‌ను బయటకు వదిలే బుల్లి మరవైన తమరు మాత్రం చిటికెన వేలి కొసంత ఒంటితో బ్రేకు డ్రమ్ము వెనక దాక్కుని కులాసాగా ఉన్నారని తెలుసు.

నిన్న ఆదివారం ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకున్నాను. గంట పని. సి క్లాంపు అనే బిగింపు పట్టు వేసి బిగిస్తే, ప్యాడ్లను నొక్కే పిస్టన్ మర్యాదగా లోపలికి వెళ్లింది. అది నెట్టిన ఆయిల్‌తో పైన ఉన్న బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగి బానెట్ అంచు మీద రంగు పెచ్చు లేపిందనుకోండి, ఆ డబ్బాకు వేరే లేఖ రాస్తాను. ఇక మిగిలింది బ్రేక్ ఆయిల్ మార్పే కదా, భోజనాల వేళకు వచ్చేస్తానని ఇంట్లో మాటిచ్చాను. చేపల పులుసు నిలవుంటే రుచి పెరుగుతుంది కాబట్టి నిన్న నా కాపురం నిలిచింది.

ఆయిల్ డబ్బాకు దూరపు చక్రం నుంచి మొదలుపెట్టాలి కనుక తమరి దగ్గరకే ముందుగా వచ్చాను. ఎనిమిదో నంబరు రింగు పానా వేశాను. కదలలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట కూర్చున్నాను. సుత్తితో మెల్లగా తట్టాను, పసిబిడ్డను జోకొట్టినట్టు. మా నాన్న డ్రైవరు సీట్లో కూర్చుని, తొక్కమనకముందే పెడలు తొక్కుతూ, వదలమనకముందే వదులుతూ, మధ్యలో "మెకానిక్‌ను పిలవమంటావా?" అని అడుగుతున్నారు. మూడోసారి పానా జారింది. తమరి ఆరు పలకలూ అరిగి ముత్యంలా గుండ్రమయ్యాయి.

తమరి నెత్తిన ఉండవలసిన రబ్బరు టోపీ ఏమైందో అడగను. అది లేకపోతే మా ఉప్పుగాలి లోపలికి దూరి కాపురం పెడుతుంది.

దీపాలు పెట్టే వేళకు గ్రిప్ ప్లయర్‌తో పట్టి తిప్పితే కిర్రుమన్నావు. (మన్నించు, ఏకవచనంలోకి వచ్చేశాను. ఆరు గంటల పరిచయం.) సన్నని పైపులోంచి సీసాలోకి దిగింది ఆయిల్. తేనె రంగులో ఉండవలసినది చింతపండు పులుసు రంగులో ఉంది.

అప్పుడు తట్టింది. తొమ్మిది నెలల కిందటి సర్వీసు బిల్లులో "బ్రేక్ ఆయిల్ మార్పు" అని ఒక పద్దు, దాని పక్కన కూలి మరో పద్దు. డబ్బు కట్టాను. ఆయిల్ మార్చాలంటే నిన్ను విప్పాలి. పొద్దున నేను పానా వేసేటప్పటికి నీ ముఖం మీద గాటు ఒక్కటి లేదు. నీ మొదలు చుట్టూ ఐదేళ్ల మట్టి పగలకుండా అతుక్కుని ఉంది. మిగతా మూడింటిదీ అదే వాలకం.

కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలో తేమ పీల్చడం దాని గుణం, 3.7 శాతం నీరు చేరితే 155 డిగ్రీలకే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మరిగితే ఆవిరి. ఆవిరి పట్టిన బ్రేకులో పెడలు తొక్కితే నేల దాకా దిగుతుంది, బండి ఆగదు. పోయిన నెల ఈ పులుసుతోనే రాపూరు ఘాట్ దిగాను. వెనక సీట్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. రెండేళ్లకోసారి మార్చవలసిన దాన్ని మార్చామని కాగితం మీద రాసిన మనిషికి ఆ రాత్రి నిద్ర ఎలా పట్టింది?

నిన్న పొద్దుటి నుంచి నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉదయం కొత్త నిపుల్ తెచ్చి, రబ్బరు టోపీతో సహా నీ చోట పెట్టాను. నిన్ను కడగలేదు, తుప్పు తుడవలేదు. ఆ బిల్లుతో పాటు ఒక కవరులో వేశాను, సీసా వేరే సంచిలో ఉంది. రేపు పదింటికి మనం ఆ బిల్లు ఇచ్చిన సర్వీసు సెంటరుకు వెళుతున్నాం. నువ్వేమీ చెప్పనవసరం లేదు. ఐదేళ్లుగా నోరు తెరవలేదు కదా, వాళ్లకు అది చూపిస్తే చాలు.

ఇట్లు,
చేతికి కట్టుతో,
నీ బండి యజమాని