ఫ్రిజ్‌కి విశ్రాంతి అక్కర్లేదు, ఏసీ గ్యాస్ తాగేయదు

ఎండలు మొదలవగానే విశాఖలోని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. మనుషుల్లాగే యంత్రాలూ అలిసిపోతాయట. అందుకని ఫ్రిజ్‌ని రోజూ రాత్రి 4 గంటలు ఆపాలి, ఏసీకి ఏటా గ్యాస్ నింపించాలి, వాడనప్పుడు బయటి యూనిట్‌కి ప్లాస్టిక్ షీటు చుట్టాలి, వాషింగ్ మెషీన్లో పౌడరు కాస్త ఎక్కువే వేయాలి, ఉరుములప్పుడు ప్లగ్గులు పీకేయాలి. అలా చేస్తే 20 ఏళ్లు ఢోకా లేదట. మా వదిన కూడా పంపింది, ఇక జవాబు రాయక తప్పలేదు.

ముందు ఫ్రిజ్. వదిన రెండు రాత్రులు పాటించింది కూడా. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే దోసెల పిండి పొంగి, గిన్నె మూత పక్కకి ఒరిగి, కింద కూరగాయల ట్రేలోకి కారుతోంది. అసలు కంప్రెసర్ రోజంతా ఒకే వేగంతో తిరుగుతూ ఉండదు. లోపల చల్లదనం చాలితే దానంతటదే ఆగుతుంది, తగ్గితే మళ్లీ మొదలవుతుంది. ఇన్వర్టర్ రకమైతే చాలావరకు నెమ్మదిగా తిరుగుతూ సరిపెట్టుకుంటుంది. మనం 4 గంటలు ఆపితే, తెల్లారి ఆ పోయిన చల్లదనమంతా తిరిగి తేవడానికి ఏకబిగిన తిరగాలి. ఈలోగా లోపల 5 డిగ్రీలు దాటితే పాలు, చేపలు మన కోసం ఆగవు. ఫ్రిజ్ మీద నిజంగా ప్రేమ ఉంటే తలుపు చుట్టూ ఉండే రబ్బరు చూడండి. 10 రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగండి. ఊరికే జారి వచ్చేస్తే రబ్బరు వదులైనట్టే. మన ఊరి చెమ్మకి ఆ మడతల్లో నల్లటి బూజు కూడా పడుతుంది, తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఏసీ గ్యాస్ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి. లాసన్స్ బే కాలనీలో బాల్కనీ నుంచి సముద్రం కనిపిస్తుందని మురిసిపోయి ఇల్లు తీసుకున్నాం. రెండు వేసవులు వరసగా చల్లదనం తగ్గింది. రెండుసార్లూ ఒకాయన వచ్చి గ్యాస్ నింపి వెళ్లాడు. మూడో ఏడు వచ్చిన ఇంకో మెకానిక్ సిలిండర్ తీయకుండా సబ్బు నురగ తీశాడు. "గ్యాస్ తాగేయడానికి అదేమైనా కొబ్బరినీళ్లా సార్? ఎక్కడో పోతోంది" అన్నాడు. కాయిల్, అంటే బయటి యూనిట్‌లోని రాగి గొట్టం, వంపు తిరిగిన దగ్గర నురగ చిన్నచిన్న బుడగలుగా లేచింది. పక్కనున్న అల్యూమినియం రేకుల్ని వేలితో ముట్టుకుంటే అప్పడంలా విరిగి రాలాయి, వేలికి తెల్లటి పొడి అంటుకుంది.

పెట్రోల్లాగా ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసిన గొట్టాల్లో తిరిగిందే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందనే అర్థం. చిల్లు మూయకుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే. అతుకు వేశాక నైట్రోజన్ ఎక్కించి ఇంకా కారుతోందేమో పరీక్షించి, వాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తడి లాగేసి, యూనిట్ ప్లేటు మీద రాసిన గ్రాముల లెక్కకి తూచి నింపాలి. త్రాసు తేనివాణ్ణి నేనిప్పుడు గుమ్మం దాటనివ్వను.

మన దగ్గర ఏసీని చంపేది పని కాదు, ఉప్పుగాలి. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పు తడి చేరితే అల్యూమినియం ముందు తినుకుపోతుంది. నీలం పూత ఉన్న రేకులైతే కాస్త ఆలస్యంగా పాడవుతాయి, అంతే. నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి, రేకుల మీద మంచినీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడిగేయండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి వద్దు. ప్రెషర్ గన్ వాడితే రేకులు వంగిపోతాయి.

ప్లాస్టిక్ షీటు సంగతి దీంతోనే తేలిపోతుంది. లోపల చేరిన ఉప్పు తడిని అది ఆరనివ్వదు. షీటు తీయడం మర్చిపోయి ఎవరైనా ఏసీ వేస్తే వేడి బయటికి పోక కంప్రెసర్ మీద పడుతుంది. ఎండ పడకుండా పైన చిన్న రేకు వేయించండి, చుట్టూ గాలి ఆడాలి.

పౌడరు ఎక్కువ వేస్తే శుభ్రం కాదు, జిగురు. కరగని పౌడరు డ్రమ్ము వెనక పేరుకుని వాసన కొడుతుంది. ఫ్రంట్ లోడ్ అయితే నురగ తక్కువ వచ్చే రకమే వేయాలి. ఉతికాక మూత తెరిచి ఉంచండి. కుళాయి మీద తెల్లటి పొర కట్టే నీళ్లయితే దాన్ని వదిలించేది నిమ్మ ఉప్పు, సబ్బు కాదు.

ఉరుములప్పుడు ప్లగ్గు తీసి ఉంచమన్నది మాత్రం నిజం, కాకపోతే ఉరుములు మొదలవకముందే తీసేయాలి. పిడుగు దగ్గర్లో పడితే వచ్చే వోల్టేజీ పోటుని గోడ స్విచ్ ఆపలేదు, ప్లగ్గు ఊడదీయాలి. మెసేజ్‌లో రాయంది ఇంకొకటి ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నాం కదా. అలా పోయిన కరెంటు తిరిగొచ్చేటప్పుడు వోల్టేజీ ఎగిరిపడుతుంది. ముందు ఒక బల్బు వేసి చూడండి, వెలుగు నిలకడగా ఉంటే పది నిమిషాలాగి ఫ్రిజ్ పెట్టండి, ఆ తర్వాతే ఏసీ.