రక్తమా, కంచమా?

(క్యాన్సర్ జాతిని బట్టి వస్తుందని వెంకటేశ్వర్లు, తిండినీ అలవాట్లనూ బట్టి వస్తుందని ఆయన మేనకోడలు సుజాత. చోటు: ప్రకాశం జిల్లా కొత్తపట్నం.)

వెంకటేశ్వర్లు: జపాన్ వాళ్లకు కడుపు క్యాన్సర్ ఎక్కువ. దక్షిణ చైనాలో కాంటన్ వాళ్లకు ముక్కు వెనక గొంతులో వస్తుంది. ఇది రక్తం గాక ఏందమ్మా?

సుజాత: రక్తమే అయితే ఊరు మారినా జబ్బు మారకూడదు గదా మామా. హవాయికి వలసపోయిన జపాన్ వాళ్ల పిల్లల్లో కడుపు క్యాన్సర్ తగ్గింది, పెద్దపేగు క్యాన్సర్ పెరిగింది. రక్తం తాతలదే. ఉప్పు సరుకు తగ్గి మాంసం పెరిగింది, అంతే.

వెంకటేశ్వర్లు: కాంటన్ వాళ్లది ఉప్పుచేప వల్ల అంటారు. మనమూ తింటాం, మనకు రాదే!

సుజాత: వాళ్లు చేపను కాస్త మాగనిచ్చి ఉప్పేస్తారు. ఆ కుళ్లులో నైట్రోసమైన్లనే క్యాన్సర్ తెచ్చే రసాయనాలు పుడతాయి. పాలు మానే పసిపిల్లలకూ అన్నంలో అదే పెట్టేవాళ్లు. దానికి ఎప్‌స్టీన్-బార్ వైరస్ తోడు. మన చేప అట్ట కాదు, ఎండలో ఎండుతుంది. కానీ ముసురు పట్టిన రోజుల్లో ఇసుక మీద పరిస్తే, ఎండకముందే వాసన కొడుతుంది. పట్టిన వెంటనే పేగులు తీసి, కడిగి, తడికెల మీద ఎత్తులో ఆరబెట్టాలి. వండేముందు నానబెట్టి రెండుసార్లు నీళ్లు పారబోస్తే ఉప్పు చాలా దిగిపోతుంది. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు దాటకూడదు. ఆవకాయలోదీ, మజ్జిగలోదీ కలిపే.

వెంకటేశ్వర్లు: మరి తూర్పు ఐరోపా మూలాలున్న యూదుల్లో దాదాపు 40 మందిలో ఒకరికి బీఆర్‌సీఏ అనే, రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు మార్పు ఉంటుంది. వాళ్లేం తిన్నారని రొమ్ము క్యాన్సర్?

సుజాత: అది ఒప్పుకుంటా. అక్కడ జన్యువుదే పైచేయి.

వెంకటేశ్వర్లు: తూర్పు ఆసియాలో చాలామందికి మందు తాగితే మొహం ఎర్రబడుతుంది. మందు ఒంట్లోకి పోయాక ఎసిటాల్డిహైడనే విషంగా మారుతుంది, దాన్ని విరిచే ఎంజైము వాళ్లలో సరిగా పనిచేయదు. ఆ విషం నిలిచి అన్నవాహికకు ముప్పు తెస్తుంది. అదీ పుట్టుకే.

సుజాత: పుట్టుకే. కానీ గ్లాసు ఎత్తకపోతే ఆ విషం ఎక్కడిది? మన పొగాకు నేల సంగతి చూడు. చుట్ట, ఖైనీ, వక్క. పొగాకు కలపకపోయినా వక్క క్యాన్సర్ తెచ్చేదే. పొగాకుకు మందు తోడైతే నోటికీ గొంతుకూ ముప్పు కూడిక కాదు, హెచ్చవేత.

వెంకటేశ్వర్లు: నలభై ఏళ్లు చుట్ట కాల్చినోడు ఇప్పుడు మానితే ఏం లాభం?

సుజాత: 5 నుంచి 10 ఏళ్లలో నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు సగానికి దిగుతుంది మామా. మానినా నెలకోసారి అద్దం ముందు బుగ్గల లోపల, నాలుక కింద, అంగిట్లో చూసుకోవాలి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, 2 వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం, వీటిలో ఏది కనబడినా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. నొప్పి లేదు గదా అని ఆగొద్దు. మొదట్లో నొప్పి ఉండదు.