పోస్ట్‌మాస్టరు గారి కరివేపాకు

పాత్రలు: పరంధామయ్య, తెనాలిలో సబ్ పోస్ట్‌మాస్టరుగా రిటైరైన మనిషి. రమణమ్మ, ఆయన భార్య, రిటైర్మెంటు లేని ఉద్యోగం.

స్థలం: షికాగో, లేక్‌వ్యూ పేట. బెల్మాంట్ రైలు స్టేషను పక్కనే కొడుకు చంటి అపార్ట్‌మెంటు. చంటి ఆఫీసుకి వెళ్ళాడు. కారు లేదు. పార్కింగుకి కట్టే డబ్బు చూసి కడుపు మండి అమ్మేశాడు. ఆదివారం వాడి స్నేహితులు భోజనానికి వస్తున్నారు.

రమణమ్మ: ఏవండీ, ఆ ఫోను పక్కన పడేసి ఇటు రండి. కరివేపాకు లేదు.

పరంధామయ్య: డబ్బాలో ఉందిగా, పొద్దున్నే చూశాను.

రమణమ్మ: ఆ డబ్బాలో ఉన్నది ఆకు కాదు, దాని అస్థికలు. ఎప్పుడు పోయిందో పాపం.

పరంధామయ్య: మూల మీద సూపర్ మార్కెట్ ఉంది. అన్ని దేశాల సరుకులూ అని బోర్డు కూడా పెట్టాడు.

రమణమ్మ: చూశాను ఆ వైభోగం. ఒక్క అర. సోయా సాసు, కొబ్బరిపాల డబ్బా, కర్రీ పౌడరని పసుపుపచ్చ సీసా. అన్ని దేశాలూ కలిపి మూరెడు. నేను బయల్దేరే ముందే చెప్పాను, నాలుగు రెబ్బలు చీర మడతల్లో పెట్టుకొద్దామని. విన్నారా?

పరంధామయ్య: పెట్టుకొస్తే విమానాశ్రయంలోనే లాక్కునేవాళ్ళు. పచ్చి కరివేపాకు ఈ దేశంలోకి తేకూడదే. నిమ్మ, నారింజ చెట్లకి తెగులు అంటించే పురుగు ఆ ఆకు మీద బతుకుతుంది. ఫ్లోరిడాలో తోటలకు తోటలే దెబ్బతిన్నాయి.

రమణమ్మ: మన పెరటి చెట్టుకి పురుగేంటండీ! రోజూ దణ్ణం పెట్టి కోస్తాను.

పరంధామయ్య: నీ దణ్ణానికి సర్టిఫికెట్ ఇవ్వరు. ఇక్కడ పండిందే కొనుక్కోవాలి. అదే వెతుకుతున్నాను ఇందాకటి నుంచి. దగ్గర్లో ఏషియన్ గ్రోసరీ స్టోర్లు అని కొట్టాను.

రమణమ్మ: ఏమొచ్చింది?

పరంధామయ్య: ఒక సూషీ హోటలు. ఒక పాదాల మసాజు.

రమణమ్మ: ఎవరి పాదాలకి?

పరంధామయ్య: నువ్వు ఇలా అడుగుతావనే మూసేశాను. అయినా ఈ ఊళ్ళో ఫోనెందుకే, ఇంటి నంబరు చాలు. స్టేట్ వీధీ మాడిసన్ వీధీ కలిసే చోటు సున్నా. అక్కణ్ణుంచి 800 నంబర్లకి ఒక మైలు. 1909 నుంచీ ఇదే పద్ధతి. మన బెల్మాంట్ 3200 ఉత్తరం. అంటే సున్నాకి నాలుగు మైళ్ళు. ఏ కొట్టు నంబరైనా చెప్పు, కూర్చున్న చోటు నుంచి దూరం చెప్తాను.

(ఈ లెక్క ఊరికి దక్షిణాన కాస్త తేడా కొడుతుంది. మాడిసన్ దాటాక మొదటి మైలుకి 1200 నంబర్లు, రెండో మైలుకి 1000. ఆ సంగతి పరంధామయ్య గారికి తెలుసు. చెబితే ఉత్తరం వైపు లెక్క కూడా నమ్మదని దాచారు.)

రమణమ్మ: పెళ్ళిచూపులకొచ్చి పిల్ల పేరడక్కుండా మా ఊరి పిన్ కోడ్ అడిగిన మనిషి మీరొక్కరే. మా నాన్న అప్పుడే లేచి పోవాల్సింది.

పరంధామయ్య: మీ నాన్నకి పిన్ కోడ్ తెలియదు. అందుకే కూర్చుండిపోయాడు.

రమణమ్మ: సరే, డెవాన్ వీధికి పోదాం పదండి. చంటి చెప్పాడుగా, మనవాళ్ళ కొట్లన్నీ అక్కడేనని.

పరంధామయ్య: డెవాన్ 6400. మన 3200 తీసేస్తే 3200, అంటే నాలుగు మైళ్ళు ఉత్తరానికి. అక్కడి మనవాళ్ళ కొట్టు పటేల్ బ్రదర్స్ 2610 పడమర. మనం 900 చిల్లర. కాబట్టి ఇంకో రెండు మైళ్ళు పడమరకి. సరి సంఖ్య కనక వీధికి ఉత్తరం పక్క ఉంటుంది.

రమణమ్మ: లోపల కరివేపాకు ఏ పక్క ఉంటుందో కూడా చెప్పండి.

పరంధామయ్య: అది పోస్టల్ శాఖ పరిధిలోకి రాదు. వాళ్ళ మొదటి కొట్టు 1974లో పెట్టింది ఆ వీధిలోనే, తెలుసా? ఇప్పుడు దేశమంతా ఉన్నాయి. ఆ వీధికి ఒక ముక్క గాంధీ మార్గ్, ఇంకో ముక్క మహమ్మద్ అలీ జిన్నా వే. గౌరవానికి పెట్టిన పేర్లు, బోర్డులున్నాయి.

రమణమ్మ: వాళ్ళిద్దరూ ఒక వీధిలో సర్దుకున్నారు. మీరు నన్ను ఒక వంటింట్లో సర్దుకోనివ్వరు. ఎలా పోవాలో చెప్పండి.

పరంధామయ్య: రెడ్ లైన్ రైలెక్కి లొయోలా దాకా. అక్కడ దిగి 155 నంబరు బస్సు. వెనక్కి బియ్యం బస్తాతో అదే దారి.

రమణమ్మ: బియ్యం ఎవరడిగారు?

పరంధామయ్య: డెవాన్ వెళ్ళి ఒట్టి కరివేపాకుతో వచ్చే ఆడది ఇంకా పుట్టలేదు. ఇంకో ఉపాయం చెప్తా విను. ఇంటి ముందే 77 నంబరు బస్సెక్కి తిన్నగా పడమరకి మూడు మైళ్ళు పోతే, కింబాల్ వీధి దగ్గర జూంగ్ బూ అని కొరియా వాళ్ళ కొట్టు. మారే పనే లేదు. అక్కడ ఆవిరి మీద ఉడికించిన ఇంతింత లావు బన్నులు అమ్ముతారట, వేడివేడిగా...

రమణమ్మ: నేనడిగింది కరివేపాకు. మీరు వెతికింది టిఫిను.

పరంధామయ్య: రెండూ ఏషియన్ గ్రోసరీయే.

రమణమ్మ: మరి మనం ఏషియన్ కాదా? ఆ ఫోనులో మన కొట్లెందుకు రాలేదు?

పరంధామయ్య: ఇక్కడ ఆ మాటంటే చైనా, కొరియా, వియత్నాం వరకే అనుకుంటారు. మనవాళ్ళు కావాలంటే ఇండియన్ అని విడిగా కొట్టాలి.

రమణమ్మ: మరి విడిగా కొట్టకుండా పొద్దుట్నుంచీ ఏం కొడుతున్నారు?

(పరంధామయ్య గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్ళు కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి ఇది అలవాటు.)

పరంధామయ్య: మధ్యేమార్గం చెప్తాను. ఆర్గైల్ వీధి. 5000 ఉత్తరం. 1800ని 800తో భాగిస్తే రెండుంపావు మైళ్ళు. ఇదే రెడ్ లైన్, బస్సు మారక్కర్లేదు. వియత్నాం కొట్లు. 1975లో యుద్ధం అయిపోయాక ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళు చాలామంది అక్కడ చేరారు.

రమణమ్మ: వాళ్ళ కొట్లో మనకేం దొరుకుతుందండీ?

పరంధామయ్య: వాళ్ళూ అన్నమే తింటారు. అన్నంలోకి ఏదో ఒకటి ఉండే తీరాలి.

రమణమ్మ: ఈ ఒక్క మాటా పిన్ కోడ్ లేకుండా చెప్పారు. చీర మార్చుకుని వస్తా.

రెండో రంగం. ఆర్గైల్ దగ్గర, బ్రాడ్వే మీద పెద్ద కొట్టు. తడి నేల, చేపల వాసన, నిలువెత్తు బియ్యం బస్తాలు. రమణమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

రమణమ్మ: ఏవండీ... బచ్చలి.

పరంధామయ్య: నేను చెప్పలా?

రమణమ్మ: మీరు అన్నమన్నారు, బచ్చలనలేదు. అదుగో తోటకూర, మధ్యలో ఎర్రచార ఉన్న రకం. సొరకాయ. పొడుగు వంకాయ. చామదుంప. ఈ కాకరకాయేంటి, ముళ్ళు లేకుండా నున్నగా ఉంది?

పరంధామయ్య: చైనా రకం. చేదు మాత్రం మనదేనట.

రమణమ్మ: చేదు ఎక్కడైనా మనదే లెండి. అయ్యో, అరటిపువ్వు! ఆవపెట్టి చేస్తే మీ అమ్మగారు రెండుసార్లు వడ్డించుకునేవారు.

పరంధామయ్య: మా అమ్మని నువ్వు పొగడటం ఇదే మొదటిసారి. అరటిపువ్వుకి ఎంతైనా ఇవ్వచ్చు.

రమణమ్మ: పొగిడింది నా చేతివంటని. ఇదిగో చింతపండు, గింజ తీసి అచ్చులా నొక్కారు. ఈ చిన్న మిరపకాయలు కారంగా ఉంటాయంటారా?

పరంధామయ్య: మన గుంటూరు వాళ్ళకి ఇవో లెక్కా? ఇలా తే. (నమిలారు.)

రమణమ్మ: ఎలా ఉన్నాయి? ...ఏవండీ? ...మాట్లాడరేం?

(ఆయన మాట్లాడలేదు. కాసేపు కొట్టంతా ప్రశాంతంగా ఉంది. ఈలోగా తోటకూర గంప దగ్గర ఒక వియత్నాం పెద్దావిడ, రమణమ్మ చేతిలోని కట్ట తీసుకుని అడుగున కాడ ఒకటి విరిచింది. పుటుక్కుమంది. తలూపి ఇచ్చేసింది. రమణమ్మ ఇంకో కట్ట తీసి తనూ విరిచింది. అది సాగింది. ఇద్దరూ ఒకేసారి మూతి విరిచి గంపలో పడేశారు.)

రమణమ్మ: చూశారా? ఆవిడకి తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. అయినా పని అయిపోయింది. మీతో ముప్ఫై ఏళ్ళకి పైగా తెలుగులోనే మాట్లాడుతున్నాను.

పరంధామయ్య: (మంచినీళ్ళు తాగి) ఇదే ఆర్గైల్ వీధిలో 1915లో చార్లీ చాప్లిన్ సినిమా తీశాడు, తెలుసా?

రమణమ్మ: ఆయన తోటకూర కొన్నాడా?

పరంధామయ్య: స్టూడియో 1345 పడమర. బేసి సంఖ్య కాబట్టి దక్షిణం పక్క.

రమణమ్మ: ఆ దక్షిణం పక్కకే ఓసారి చూడండి. చేపలు! తొట్లో ఈదుతున్నాయి కూడా. కొర్రమీను ఉందేమో అడగండి.

పరంధామయ్య: బతికున్న కొర్రమీను ఇక్కడ తేకూడదే. చెరువులోకి వదిలితే మిగతా చేపల్ని తినేస్తుందని 2002లోనే దిగుమతి ఆపేశారు.

రమణమ్మ: కరివేపాకుకి వీసా లేదు, కొర్రమీనుకి వీసా లేదు. మీకెలా ఇచ్చారండీ?

పరంధామయ్య: ఇచ్చారు గానీ, ఒకసారికి ఆరు నెలలే ఉండనిస్తారు. నేనూ ప్రమాదమే అని తెలుసు కాబోలు.

రమణమ్మ: పోనీ ఐసు మీద చందువలున్నాయి. తాజావో కాదో, మొప్ప ఎత్తి చూపించమనండి.

పరంధామయ్య: మొప్పని ఇంగ్లీషులో గిల్ అంటారు. ఎక్స్‌క్యూజ్ మీ... గిల్, గిల్... (ఆ కుర్రాడు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ చెప్పమన్నాడు. పరంధామయ్య గారు తన రెండు చెవులూ పట్టుకుని పైకెత్తి చూపించారు.)

రమణమ్మ: ఏం చేశారని గుంజీలు తీస్తున్నారు?

(కుర్రాడికి అర్థమైంది. నవ్వుతూ మొప్ప ఎత్తాడు. లోపల ఎర్రగా ఉంది.)

రమణమ్మ: ఆ, అదీ! రెండు చాలు. పొలుసు తీసి, గాటు పెట్టమనండి. తల పారెయ్యొద్దనండి. దానికి మీరు ఏ సైగ చేస్తారో చెయ్యండి, నేను అటు చూస్తుంటాను.

మూడో రంగం. కొట్టు బయట, బ్రాడ్వే. పరంధామయ్య గారి రెండు చేతులా సంచులు. చందువల చుట్టూ ఐసు వేయించారు.

పరంధామయ్య: ఒప్పుకో ఇప్పుడైనా. దగ్గర్లో మన వంటకి కావాల్సిన కొట్టు ఎవరిది? మూడొంతులు ఇక్కడే దొరికాయి. నేను చెప్పబట్టే.

రమణమ్మ: కరివేపాకు దొరికిందా?

పరంధామయ్య: ...లేదు.

రమణమ్మ: ఇంగువ?

పరంధామయ్య: అది కూడా లేదు.

రమణమ్మ: గోంగూర?

పరంధామయ్య: అది డెవాన్‌లో కూడా గోంగూర అని అడిగితే అర్థం కాకపోవచ్చు, అంబాడీ అనాలి.

రమణమ్మ: అంబాడీ అనో అంబారీ అనో నేను అడిగి తెచ్చుకుంటా. మీరు అంత గొప్ప లెక్కల మనిషి కదా, ఇక్కణ్ణుంచి డెవాన్ ఎంత దూరం?

పరంధామయ్య: (సంచులు కిందపెట్టి, ఉత్సాహంగా) 6400 లోంచి 5000 పోతే 1400. మైలుంముప్పావు. ఇదిగో ఈ బ్రాడ్వే మీదే 36 నంబరు బస్సు తిన్నగా డెవాన్ మూల దాకా పోతుంది. అక్కడ 155 మారితే... (ఆగి) నువ్వు నా చేతే చెప్పించావు.

రమణమ్మ: అదుగో 36 వస్తోంది. ఎక్కండి.

పరంధామయ్య: చేపలతోనా? పటేళ్ళ కొట్లో మాంసం, చేపలు అమ్మరే. సంచిలోంచి ఐసు కారుతూ ఉంటే, గాంధీ మార్గ్ పొడుగునా చందువలు మోసుకుంటూ ఏ మొహం పెట్టుకుని పోతాం?

రమణమ్మ: ఇంకాస్త ముందుకు పోయి జిన్నా వైపు దిగుదాం.

పరంధామయ్య: అప్పుడు కొట్టుకి వెనక్కి నడవాలి. 2800 నుంచి 2610కి, 190 నంబర్లు.

రమణమ్మ: నడవండి. సంచులు మీ దగ్గరే ఉన్నాయిగా.