స్క్రైబ్ పర్మిషన్ ఫైలు గారికి

మహారాజశ్రీ ఫైలు గారికి,
బీరువా పక్క బల్ల, పరీక్షల విభాగం, రెండో అంతస్తు.

ఎం.ఏ. ప్రభుత్వ పాలన మూడో సెమిస్టరు చదువుతున్న అంధ విద్యార్థిని, స్క్రైబ్ (పరీక్షలో నా బదులు రాసిపెట్టే మనిషి) అనుమతి కోసం నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరి క్షేమం కనుక్కుందామని ఈ నెలలో ఆరుసార్లు పరిపాలనా భవనానికి వచ్చాను. రెండుసార్లు తమరు 'సర్క్యులేషన్‌లో' ఉన్నారు. రెండుసార్లు 'పైన' ఉన్నారు. రెండో అంతస్తే ఆఖరిది, ఆ పైన వాటర్ ట్యాంకు ఉంటుంది, అక్కడేం చేస్తున్నారో నేను అడగలేదు. ఒకసారి మీ సీటు చూసే గుమాస్తా గారు సెలవు. ఆరోసారి భోజనాల వేళ.

తమరెలా ఉంటారో నేను చూడలేదు గానీ, నలుగురిలో ఉన్నా గుర్తుపట్టగలను. ఒకసారి అటెండరు బాబాయి నా చేతికిచ్చి "ఇదేనమ్మా నీది, ఒక్క నిమిషం పట్టుకో" అని టీకి వెళ్ళాడు. మెత్తబడిపోయిన అట్ట, కుక్కపిల్ల చెవుల్లా వాలిపోయిన మూలలు, పక్కన ఇనుప కొన ఊడిపోయిన ట్యాగు. సూపరింటెండెంటు గారు పొద్దున్నే వెలిగించే అగరొత్తుల వాసన మీ ఒంటికి పట్టేసింది. నా ఒక్కదాని కోసం ఇంత లావయ్యారా అని ముచ్చటేసింది. తర్వాత తెలిసింది, అందులో నా దరఖాస్తు ఒక్క కాగితమేనట. మిగతాదంతా ఆ కాగితం గురించి పెద్దవాళ్ళు ఒకరికొకరు రాసుకున్నది.

మన పరిచయం మొదలైన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. మొదటి సెమిస్టరులో నేను కొంచెం చదువుకున్నదాన్నన్న పొగరుతో, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న మాటే పైన పెట్టి దరఖాస్తు టైపు చేశాను: 'రిక్వెస్ట్ ఫర్ రీజనబుల్ అకామడేషన్', అంటే వైకల్యానికి తగ్గ వెసులుబాటు ఇమ్మని. హెచ్.ఓ.డి. గారి సంతకం, ప్రిన్సిపాల్ గారి సంతకం, అన్నీ త్రూ ప్రాపర్ ఛానల్. పదకొండు రోజుల తర్వాత హాస్టల్ ఆఫీసు నుంచి ఫోను.

"ఏమ్మా, అకామడేషన్ కావాలని పెట్టావు. నీకు ఆల్రెడీ రూము ఉందిగా?"

"రూము కాదండీ. స్క్రైబ్ కోసం పెట్టాను."

"స్క్రైబ్ అంటే?"

"పరీక్షలో నేను చెబుతుంటే రాసిపెట్టే అబ్బాయండీ."

అవతల కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత గొంతు తగ్గించి, తండ్రిలాగా అన్నారాయన. "చూడమ్మా, బయట అబ్బాయిని లేడీస్ హాస్టల్లో ఎలా ఉంచుతాం చెప్పు? మీ నాన్నగారికి తెలుసా ఈ విషయం?"

మా నాన్నకి తెలుసని చెప్పి ఇంకా పెద్ద తప్పు చేశాను. తమరు పరీక్షల విభాగానికి తిరిగొచ్చేటప్పుడు మీ ఒంటి మీద ఒక నోట్ ఉందట. గదులు ఖాళీ లేవు, పైగా కోరిక రీజనబుల్‌గా లేదు. పాపం ఆయన్నని ఏం లాభం? మన దగ్గర అకామడేషన్ అంటే పెళ్ళివారికి ఇచ్చే రూమే. 'సహేతుకమైన సర్దుబాటు' అని తెలుగులో రాసినా సర్దుకుపొమ్మనేవారే. అదెలాగూ మనకి అలవాటే. బాబాయి చెప్పిన పాత కబురు ఇంకొకటుంది. మీ అట్ట మీద పూర్వం 'పి.హెచ్.' (ఫిజికల్లీ హ్యాండిక్యాప్డ్) అని ఉండేదట. అది మర్యాద కాదని కొట్టేసి 'పి.డబ్ల్యు.డి.' (పర్సన్స్ విత్ డిజెబిలిటీస్) అని రాశారట. పబ్లిక్ వర్క్స్ డిపార్ట్‌మెంటు అనుకున్నారేమో, ఆ వారమంతా తమరు ఇంజినీరింగ్ సెక్షన్లో, గోడలకి సున్నాలు వేయించే ఫైళ్ళ మధ్య ఉండి వచ్చారట. ఆ తర్వాత 'దివ్యాంగులు' వచ్చింది, 'విభిన్న ప్రతిభావంతులు' వచ్చింది. అట్ట మీద చోటు అయిపోయింది గానీ లోపల కాగితం కదల్లేదు.

కోపం తెచ్చుకోకండి. మిమ్మల్ని తలుచుకుంటే నాకు కోపం కన్నా అసూయ ఎక్కువ. నేను ఏ సదుపాయాల కోసం మీ వెనక తిరుగుతున్నానో అవన్నీ మీకు అడక్కుండానే ఉన్నాయి. మీకు చేతులు లేవు, గుమాస్తా గారు మీ తరఫున రాస్తారు. ఆయన చదువు మీకన్నా ఒక మెట్టు తక్కువో ఎక్కువో ఎవరూ అడగలేదు. మీకు కాళ్ళు లేవు, బాబాయి చంకలో పెట్టుకుని నలభై నాలుగు మెట్లు ఎక్కిస్తాడు, దింపుతాడు. మా సీనియర్ ఒకాయన వీల్‌చెయిర్లో వచ్చి కిందే ఆగిపోతాడు. ర్యాంపు లేక కాదు. పన్నెండడుగుల పొడవుకి ఒక్కడుగు ఎత్తు చొప్పున, లెక్క ప్రకారమే కట్టారు. కాకపోతే దాని మీద బైకులు ఎక్కించేస్తున్నారని కింది కొసన గొలుసు కట్టి తాళం వేశారు. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ మెయిన్ గేటు దగ్గర. ఇక టైం. మూడు గంటల పరీక్షకి నేనడిగేది ఒక్క గంట అదనం. మీకు ఒక సంతకానికి రెండు నెలలు ఇచ్చారు, అది చాలకపోతే ఇంకో నెల. మీరు నిజంగా నడవలేరని సివిల్ సర్జన్ దగ్గర సర్టిఫికెట్ తెమ్మని ఎవరైనా అన్నారా? ఎన్ని శాతం కదల్లేరో అడిగారా?

నన్ను అడిగారు. బళ్ళో చదివే రోజుల్లోనే సదరం క్యాంపులో తీసుకున్న సర్టిఫికెట్ నా దగ్గరుంది. నూరు శాతం, పర్మనెంట్ అని రాసి ఉంది. నా మార్కుల లిస్టుల్లో ఎక్కడా రాని నూరు అది, మా అమ్మ లామినేషన్ చేయించి దాచింది. సూపరింటెండెంటు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి (లామినేషన్ చప్పుడు నాకు తెలుసు) "ఇది పాతదమ్మా, లేటెస్టుది కావాలి" అన్నారు. పర్మనెంట్ అని ఉంది కదండీ అన్నాను. "అప్పటికి పర్మనెంటు. ఇప్పుడు ఎలా ఉందో మాకు తెలియాలిగా?" పోయిన సెమిస్టరుకీ ఈ సెమిస్టరుకీ మధ్య నాకు చూపు వచ్చేసి, చెప్పకుండా దాచుకుని, కావాలనే వేరేవాళ్ళ చేత కోడిగెలుకుడు రాతలో పరీక్ష రాయించుకుంటున్నానేమోనని ఆయన అనుమానం.

అప్పుడు నేను ఫోను తీశాను. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలు అందులో ఉన్నాయి. అంధత్వం, రెండు చేతులూ పనిచేయకపోవడం, సెరిబ్రల్ పాల్సీ, ఈ మూడింటిలో అభ్యర్థి కోరుకుంటే చాలు, స్క్రైబ్‌ని ఇవ్వాలి. రాయలేరన్న డాక్టరు సర్టిఫికెట్ మిగతా రకాలవాళ్ళకే. గంటకి ఇరవై నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం. వివరాలన్నీ పరీక్ష ఫారం నింపేటప్పుడే నమోదు చేసుకుని పద్ధతి సులువు చెయ్యాలని కూడా అందులోనే ఉంది. అలా చేసి ఉంటే తమరు పుట్టేవారే కాదు. సరే, ఫోనులో ఉన్నది పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేసి బల్ల మీద పెట్టాను. నాకు అలవాటైన వేగంలో పెట్టి ఉందని మర్చిపోయాను. సెక్షన్లో ఎనిమిది మంది పని ఆపేసి, వేలంపాటలాగా గుక్క తిప్పుకోకుండా వచ్చిపడుతున్న ఆ ఇంగ్లీషు విన్నారు. అయిపోయాక సూపరింటెండెంటు గారు చాలా గౌరవంగా అడిగారు: "ఎవరమ్మా లైన్లో? హైదరాబాద్ నుంచా?"

ఆ రోజు తమరు రెండు బల్లలు కదిలారు.

స్క్రైబ్ దొరకడం ఇంకో కథ. సొంతంగా తెచ్చుకుంటే నాకన్నా ఒక మెట్టు కింద చదువుతూ ఉండాలి. నా సబ్జెక్టు కాకూడదని సెక్షన్ వారి సొంత షరతు. బోనఫైడు, ఆధార్, రెండు ఫోటోలు. అదే రోజు వాడికి పరీక్ష ఉండకూడదు, క్రికెట్ మ్యాచ్ కూడా ఉండకూడదు. మా పక్కింటావిడ చెల్లెలి కొడుకు, బీఎస్సీ రెండో ఏడు, "అక్కా నేను వస్తా" అన్నాడు. బంగారం లాంటి పిల్లాడు. వాడికి తెలిసిన తెలుగు పదో తరగతితో ఆగింది.

పోయిన సెమిస్టరు పరీక్షకి తమరు రాలేదు. తొమ్మిదింపావుకి పరీక్షల కంట్రోలర్ గారు పరీక్ష కేంద్రం చూసే చీఫ్ సూపరింటెండెంటుకి ఫోన్ చేసి "రాయనివ్వండి, పర్మిషన్ కాగితం తర్వాత పంపిస్తాం" అన్నారు. ఓరల్ పర్మిషన్. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గానీ మా దగ్గర పూజారి కూడా మంచివాడే, గుడి తాళమే దొరకదు. మొదటి ప్రశ్న, మాక్స్ వెబర్ ఉద్యోగస్వామ్య సిద్ధాంతం. వెబర్ అంటే మాకు కులదైవం లాంటివాడు, ఈ సబ్జెక్టులో ఆయన్ని మొక్కకుండా ఎవరూ గట్టెక్కరు.

"మాక్స్ వెబర్ 1864లో జర్మనీలో జన్మించెను," అని మొదలుపెట్టాను.

"మార్క్స్ వేరు అక్కా, వెబర్ వేరా?"

"ఇద్దరూ వేరే. ఇక్కడ మాక్స్. ర లేదు."

"వెబర్‌లో ఉందిగా?"

"ఆ ర ఉండనీ నాన్నా."

ఉద్యోగస్వామ్యం దగ్గర వాడు ఆగిపోయాడు. స కింద వ, దానికి దీర్ఘం, మ కింద య అని పలకా బలపం పాఠంలాగా చెప్పాను. అధికార శ్రేణి దగ్గర 'శ్రావణంలో శ్ర' అని కూడా చెప్పాల్సి వచ్చింది. ఇన్విజిలేటరు మేడమ్ వచ్చి "గుసగుసలాడకండి, పక్కవాళ్ళకి డిస్టర్బెన్సు" అన్నారు. గుసగుసలాడకపోతే నేను చెప్పేది వాడికి వినబడేదెట్లా, గట్టిగా చెబితే హాలంతా నా సమాధానం రాసేసుకుంటుంది. అప్పటికీ వెనక బెంచీవాడెవడో "అక్కా, ఆ మూడో పాయింటు ఇంకోసారి" అన్నాడు.

ఒంటిగంటకి బెల్లు కొట్టారు. నాకు రెండింటి దాకా ఉందన్నాను. మేడమ్ ఫోన్ చేసి కనుక్కుని వచ్చి, "స్క్రైబ్ అన్నారు గానీ టైం సంగతి చెప్పలేదమ్మా. కాగితం ఉంటే చూపించు" అన్నారు. ఆవిడ గొంతులో బాధ నిజమైనదే. ఆ కాగితం మీ పొట్టలో ఉంది. మా వాడు రాస్తున్నది ఆఖరి ప్రశ్న కూడా కాదు, గంట మిగిలిందన్న ధీమాతో చివరికి వదిలిపెట్టుకున్న వెబర్ ఆఖరి పాయింటు. పాలన అంతా లిఖిత పత్రాల మీద, అంటే ఫైళ్ళ మీద, ఆధారపడి నడవాలన్నది. మీ గురించే ఫైలు గారూ. మీ పేరు సగం రాసి ఉండగా పేపరు లాక్కున్నారు.

ఇవన్నీ మీకు చెప్పడం దేనికంటే, బల్ల మీద మీ కింద ఇంకో పల్చటి ఫైలు ఉందట. జూనియర్ అబ్బాయిది. చెయ్యి రాస్తూ రాస్తూ బిగుసుకుపోతుంది, సర్టిఫికెట్లో మాత్రం వైకల్యం నలభై శాతం లేదు. "నలభై లేకపోతే రూలు లేదు బాబూ" అని పంపేశారు. సరిగ్గా ఇలాంటి చేతితోనే సివిల్స్ రాసే ఒకాయన సుప్రీంకోర్టుకి వెళితే, స్క్రైబ్‌కి నలభై శాతం తప్పనిసరి కాదని 2021 ఫిబ్రవరి 11న తీర్పిచ్చారు. మరుసటి ఏడు ఆగస్టులో, నలభైకి లోపున్నవాళ్ళ కోసం విడిగా మార్గదర్శకాలూ వచ్చాయి. అవి ఢిల్లీ నుంచి బయల్దేరాయి. మీలాగే ఎక్కడో సర్క్యులేషన్లో ఉండి ఉంటాయి.

మెటీరియల్ సంగతి మీ శాఖ కాదు, ఒక్క ముక్కలో చెబుతాను. మా మేడమ్ ప్రేమగా పంపిన తెలుగు పీడీఎఫ్ యూనికోడ్ కాని పాత ఫాంటులో ఉంది. స్క్రీన్ రీడర్ దాన్ని అర్థంలేని అక్షరాలుగా, ఏదో మంత్రంలా చదివితే, మూఢనమ్మకాలు లేని మా నాన్న కూడా లేచి వచ్చి గుమ్మానికి నిమ్మకాయ కట్టాలా అని అడిగాడు.

విసుగొచ్చి ఒక రోజు సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదామనుకున్నాను. 2005 చట్టం, ముప్పై రోజుల గడువు, అన్నీ రెండో సెమిస్టరులో పదిహేను మార్కులకి చదివినవే. బాబాయి గాభరా పడిపోయాడు. "వద్దు తల్లీ, అప్పుడు దానికింకో ఫైలు పుడుతుంది. ఈ ఒక్కదాన్నే మోయలేకపోతున్నా." ఆయన మోకాళ్ళు చప్పుడు చేస్తాయి, మెట్లెక్కేటప్పుడు నాకు వినబడుతుంది. మానేశాను.

కాబట్టి ఫైలు గారూ, సోమవారం పది గంటలకి పరీక్ష. పోయినసారి మిగిలిపోయిన మీ పాయింటు ఈసారి మొదట చెప్పిస్తాను, మీకు లోటు రానివ్వను. మీరు బాబాయి చంకెక్కి, కంట్రోలర్ గారి గది దాకా వెళ్ళి, ఆయన పెన్ను దగ్గర ఒక్క క్షణం తెరుచుకుంటే చాలు. రెండు వాక్యాలు. ఒకటి స్క్రైబ్, రెండోది గంటకి ఇరవై నిమిషాలు. రెండోది మర్చిపోకండి.

జతపరచినవి: సర్టిఫికెట్ నకలు (లామినేషన్ తీసి జిరాక్సు చేయించినది), పిల్లాడి బోనఫైడు, వాడి రెండు ఫోటోలు, పోయినసారి ఇదే దరఖాస్తుతో ఇచ్చిన ఇవే కాగితాలు మరో సెట్టు.

ఇట్లు,
తమ విధేయురాలు,
హాల్ టికెట్ నంబరు మీ దగ్గరే ఉంది.

తా.క.: ఉత్తరం పూర్తి చేస్తుండగా బాబాయి ఫోన్ చేశాడు. "సంతకం అయిపోయిందమ్మా, టైం కూడా రాశారు, వచ్చి తీసుకుపో" అన్నాడు. మంచం మీంచి లేచి కర్ర కోసం తడుముకుంటున్నాను. అంతలో ఆయనే మళ్ళీ చేశాడు. తేదీ ఇప్పుడు చూశాడట. అది పోయిన సెమిస్టరుది.