కరిస్తే పాపి, కరవకపోతే దేవుడు

కళ్యాణదుర్గం వైపు, కొండల కింద ఒక పల్లె. ఆదివారం రాత్రి, మందిరం అరుగు. మామ క్రైస్తవ సంఘపెద్ద. శనక్కాయ చేనుకు అడవి పందుల కావలి పోయి తెల్లవారుజామున ఇంటికొస్తుంటే ఎలుగుబంటి ఎదురుపడింది. తాకకుండా వెళ్లిపోయింది. ఈరోజు ఆరాధనలో ఆ సంగతిని దేవుడు చేసిన మేలుగా అందరి ముందు సాక్ష్యం చెప్పాడు. మేనకోడలు ఆసుపత్రిలో నర్సు. సాక్ష్యం మధ్యలో వెనక వరసలోంచి ఒకామె లేచి వెళ్లిపోవడం ఆ అమ్మాయి చూసింది. రెండేళ్ల కిందట ఆమె భర్త మీద పడింది కూడా ఎలుగుబంటే.

మేనకోడలు: నువ్వు బతికి వచ్చినందుకు నాకంటే సంతోషించేవాళ్లు లేరు మామా. కానీ చివర్లో ఒక మాటన్నావు. విశ్వాసం ఉన్నవాడి జోలికి మృగం రాదని. ఆ మాటకే ఆమె లేచిపోయింది.

మామ: దానియేలును గుహలో వేస్తే దేవుడు దూతను పంపి సింహాల నోళ్లు మూయించాడు. దావీదు సౌలు ముందు నిలబడి, సింహం నుంచి, ఎలుగుబంటి నుంచి నన్ను విడిపించింది యెహోవాయేనని చెప్పాడా లేదా? మేలు పొంది కూడా నోరు మెదపకపోతే నేనేం మనిషిని పాపా?

మేనకోడలు: విడిపించాడని చెప్పు. నన్నే ఎందుకు విడిపించాడో నాకు తెలుసని మాత్రం చెప్పొద్దు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం తియ్యి. 33వ వచనంలో విశ్వాసంతో సింహాల నోళ్లు మూసినవాళ్లున్నారు. నాలుగు వచనాలు దాటితే రాళ్లతో కొట్టబడినవాళ్లు, రంపాలతో కోయబడినవాళ్లు. వీళ్లందరూ విశ్వాసం వల్లే సాక్ష్యం పొందారని 39లో ఉంది. కోయబడినవాడికి విశ్వాసం తక్కువైందని ఎక్కడా లేదు.

మామ: నా చేతిలో ఏముంది అప్పుడు? టార్చి కూడా వెలగలేదు. 91వ కీర్తన దానంతట అదే నోట్లోకి వచ్చింది. సింహాన్నీ నాగుపామునూ తొక్కుతావనే మాట అందులోనే కదా ఉండేది!

మేనకోడలు: దాని పై వచనాలే సాతాను యేసుకు చదివి వినిపించాడు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు ఎత్తుకుంటారన్నాడు. యేసు దూకలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. నువ్వు శోధించావని అనడం లేదు మామా. ఆ నిమిషంలో నీకు వేరే దిక్కు లేదు. కానీ పొద్దున నీ మాట విన్న పిల్లోడు రేపు టార్చి లేకుండా చేనుకు పోతే? రక్తపింజరి కరిచినవాళ్లను తెల్లారేదాకా ప్రార్థనలో కూర్చోబెట్టి, ఆ తర్వాత మా దగ్గరికి తెస్తున్నారు. విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది. నాగుపాముకూ, కట్లపాముకూ, రెండు రకాల పింజరులకూ అదే మందు. ప్రార్థన దారి పొడుగునా ఆటోలో చెయ్యొచ్చు కదా.

(మామ చాలాసేపు మాట్లాడలేదు. నా మనసు ఆ అమ్మాయి వైపే ఉంది, దాచను. అయినా ఆయన తర్వాత అడిగింది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు.)

మామ: అన్నీ మందులే, అన్నీ మృగం గుణమే అయితే అందులో దేవుడి పని ఏముంది? మెలితే దీవిలో పౌలు చెయ్యిని పాము పట్టింది. మంటలోకి దులిపేశాడు, ఏమీ కాలేదు. ఆ తర్వాతే కదా దీవి పెద్దమనిషి వాళ్ల తండ్రి జబ్బు బాగుపడింది, రోగులందరూ పౌలును వెతుక్కుంటూ వచ్చింది! చూసినవాడు చెప్పకపోతే పక్కవాడికి విశ్వాసం ఎట్లా పుడుతుంది?

మేనకోడలు: ఆ దీవివాళ్లు ఏమన్నారో చూడు. పాము చేతికి వేలాడితే నరహంతకుడన్నారు. చావకపోయేసరికి దేవుడన్నారు. రెండుసార్లూ తప్పే. మనం మందిరంలో కూర్చుని అదే చేస్తున్నాం. ఆ రాత్రి ఆమె భర్తను తెచ్చినప్పుడు డ్యూటీలో నేనే ఉన్నా మామా. నెత్తి మీద చర్మం ఊడి నుదుటి మీదికి వాలింది. దాన్ని గుడ్డతో ఎత్తి పట్టుకుని కడుగుతుంటే ఆయన అడిగింది ఒకటే. "నేనేం పాపం చేసినా సిస్టర్?" ఎలుగుబంటికి చూపు మందం. చెదపుట్ట తవ్వుకుంటుంటే తల కూడా ఎత్తదు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఉలిక్కిపడి మీద పడుతుంది, దెబ్బ తలకో ముఖానికో తగులుతుంది. ఇందులో ఆయన పాపం ఎక్కడుంది?

మామ: (గొంతు తగ్గించి) సాక్ష్యంలో చెప్పనిది ఒకటుంది. దాని వీపు మీద రెండు పిల్లలున్నాయి. బొచ్చు గట్టిగా పట్టుకుని, మొహాలు అందులోనే దాచుకుని. అది ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ఒక పిల్ల పక్కకు జారింది. తల్లి ఆగింది. పిల్ల మళ్లీ పైకి ఎగబాకిందాకా కదల్లేదు. తర్వాత కొండవైపు తిరిగి వెళ్లిపోయింది. అపవాది గర్జించే సింహంలాంటివాడని పేతురు రాశాడే, ఎలుగును ఆ మాటకు ముడిపెట్టాలనుకున్నా. పిల్లల సంగతి చెప్తే పోలిక కుదరదని వదిలేశా.

మేనకోడలు: హోషేయ 13లో, పిల్లలను పోగొట్టుకున్న ఎలుగుబంటిలా మీద పడతానని దేవుడు తన గురించే చెప్పుకున్నాడు మామా. సాతాను గురించి కాదు.

మామ: అది కోపం మాట.

మేనకోడలు: కోపమే. కానీ ఎవరి కోపంతో పోల్చుకున్నాడో చూడు.

మామ: (చాలాసేపటికి) సాక్ష్యం మాత్రం మానను. వచ్చే ఆదివారం పిల్లలతో సహా చెప్తా. మృగం జోలికి రాదన్న మాట వెనక్కి తీసుకుంటా. అంతకుముందు వాళ్లింటికి పోయి రావాలి. ఇప్పుడు మేలుకునే ఉంటారా?

మేనకోడలు: ఆయనకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. టార్చిలో కొత్త సెల్లులు వేశా, తీసుకో. మంచానికి ఎడమ పక్కన కూర్చో మామా. కుడి చెవి వినిపించదు.