"ఇంతకీ ఆయనది ఏ మతం?" అని అడిగేవాళ్లకు

ఎలక్షన్లు వస్తే చాలు, మన దగ్గర ఈ ప్రశ్న మొదలవుతుంది. ముందు గుసగుస, తర్వాత వాట్సాప్ ఫార్వర్డ్, నామినేషన్ల నాటికి మైకులోనే. నా సమాధానం సూటిగా చెప్తా. అభ్యర్థి ఏ దేవుడికి దణ్ణం పెడతాడో నా ఓటుకు అనవసరం. ఆదర్శాలు వల్లిస్తున్నానని అనుకోకండి, మన ఆంధ్రప్రదేశ్‌లో ఓట్లు పడిన తీరు చూసే ఈ మాట అంటున్నా.

2019లో జగన్‌కు 175కి 151 సీట్లు వచ్చాయి. 2024లో 11. మధ్యలో ఆయనేమైనా మతం మారాడా? క్రైస్తవుడని మొదటిసారీ తెలుసు, రెండోసారీ తెలుసు. 2011 జనాభా లెక్కల్లో మన దగ్గర క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు. నిజానికి అంతకన్నా ఎక్కువే ఉంటారని ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు (ఎందుకో కింద చెప్తా), కానీ ఎంత పెంచి లెక్కేసుకున్నా 151 తేలదు. గెలిపించిందీ హిందువులే, ఇంటికి పంపిందీ హిందువులే. పంపేటప్పుడు రచ్చబండ దగ్గర వినపడినవి మూడు రాజధానులు, మందు రేట్లు, గుంతల రోడ్లు, భూమి పాస్‌బుక్కు మీద ఆయన ఫొటో. జనం లెక్క జనానికుంది. పులివెందులైతే 1978 నుంచి ఆ కుటుంబాన్నే గెలిపిస్తోంది, అక్కడేమీ చర్చికెళ్లేవాళ్లు మెజారిటీ కాదు.

మరి చట్టం ఏమంటోంది? ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం పేరు చెప్పి ఓట్లడిగితే ఎన్నికే రద్దు కావచ్చు. 1987లో ముంబైలోని విలేపార్లే ఉపఎన్నికలో అలాంటి ప్రసంగాలు చేసినందుకే శివసేన నేత బాల్ ఠాక్రేకు తర్వాత ఆరేళ్లపాటు ఓటుహక్కు పోయింది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచ్ ఇంకో అడుగు ముందుకేసింది: అభ్యర్థి తన మతం పేరు చెప్పడమే కాదు, ఓటరు మతాన్ని పట్టుకుని అడిగినా తప్పేనంది. అదీ 4-3 తేడాతో. ఒప్పుకోని ఆ ముగ్గురి మాటలోనూ పస ఉంది. మతం వల్లో కులం వల్లో అన్యాయం జరిగినవాళ్లు ఎన్నికల్లో ఆ బాధ చెప్పుకోకూడదంటే ఎలా అన్నారు వాళ్లు. నిజమే కదా. పాతబస్తీలో ఒకాయన "మా గోడు అసెంబ్లీలో వినిపించడానికి మావాడు ఒకడుండాలి" అనుకుని ఓటేయడం వేరు, "వాడి మతం వాడు గెలవకూడదు" అని ఇంకొకడు ఓటేయడం వేరు. మొదటిది నేను చేయను గానీ తప్పు పట్టను. రెండోదానికి మాత్రం నా దగ్గర మర్యాదైన మాట లేదు.

ఇప్పుడు అసలు తిరకాసు. మతం చూడొద్దనే ఈ దేశంలోనే కొన్ని సీట్లకు అభ్యర్థి మతం ఆరా తీస్తారు. మన రాష్ట్రంలో 29 ఎస్సీ నియోజకవర్గాలున్నాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు అయితేనే ఎస్సీ. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుంది, వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు (బీసీ-సీ)లోకి వస్తారు, అక్కడున్నది ఒక శాతం రిజర్వేషన్. ఎస్టీలకు ఈ షరతే లేదు. చర్చికెళ్లే గిరిజనుడు ఎస్టీ సీటులో దర్జాగా పోటీ చేయొచ్చు, చర్చికెళ్లే మాదిగ ఎస్సీ సీటులో చేయకూడదు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల్లో ఏ దళితపేటకైనా వెళ్లండి. ఆదివారం బైబిల్ సంచి చంకలో ఉంటుంది, బీరువాలో సర్టిఫికెట్ మీద "హిందూ" అని ఉంటుంది. జనాభా లెక్కల్లో సంఖ్య తగ్గేది అందుకే. ఈ సంగతి ఎమ్మార్వోకూ తెలుసు, అన్ని పార్టీలకూ తెలుసు. ఎన్నికలొచ్చేసరికి మాత్రం అవతలి పార్టీవాడు చర్చిలో తీసిన ఫొటోకు ఎర్ర సున్నా చుట్టి గ్రూపుల్లోకి వదులుతాడు. వదిలినవాడి అభ్యర్థి కూడా పోయిన క్రిస్మస్‌కి అదే చర్చిలో కేక్ కోసినవాడే! మతం మారితే అంటరానితనం పోయిందా అంటే, పేట ఇంకా ఊరి చివరే ఉంది.

నాయకుల నటన గురించి ఎక్కువ చెప్పను, మీరూ చూస్తున్నదే. మా వైపు ఒకాయన ప్రచారంలో గుళ్లోంచి బయటికొచ్చి, చర్చి మలుపు రాగానే కారులో కూర్చునే జేబురుమాలుతో కుంకుమ తుడుచుకున్నాడు. దర్గా దగ్గరకొచ్చేసరికి డ్రైవర్ డ్యాష్‌బోర్డులోంచి టోపీ తీసిచ్చాడు. ఆయన ఏ మతమో ఇప్పుడు మీరే చెప్పండి.

ఇక అమెరికాలో ఉన్న మన బంధువుల సంగతి. మన హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా భగవద్గీత మీద ప్రమాణం చేస్తే "మన అమ్మాయి!" అని మురిసిపోయారు. నేనూ మురిశా. అక్కడ హిందువులు ఎంతమంది? గుప్పెడు. ఓటేసిన క్రైస్తవులు మతం చూడలేదు కాబట్టే కదా ఆ ప్రమాణం. 2025లో వర్జీనియాలో అదే పదవికి గజాలా హష్మీ గెలిచారు. ఆవిడా హైదరాబాద్‌లో పుట్టినావిడే, ముస్లిం. ఈసారి మా ఫ్యామిలీ గ్రూపులో చప్పుడే లేదు. మనవాళ్లు గెలవాలంటే అక్కడివాళ్లకు విశాల హృదయం ఉండాలి, ఇక్కడ ఓటేసేటప్పుడు మనకు మాత్రం అక్కర్లేదన్నమాట.

"అలాగైతే మన గుళ్లు ఎవరు కాపాడతారు?" అని ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగండి, అది పనికొచ్చే ప్రశ్నే. కానీ అభ్యర్థి ఇంట్లో పటాలు చూసి జవాబు చెప్పుకోకండి. విశాఖ దగ్గర సింహాచలం అప్పన్న గుడికీ, చుట్టూ ఉన్న ఐదు ఊళ్లకూ (పంచగ్రామాలు) మధ్య భూముల గొడవ దశాబ్దాలుగా నలుగుతూనే ఉంది. అక్కడ గెలిచినవాళ్లలో ఎక్కువమంది అప్పన్నకు మొక్కి నామినేషన్ వేసినవాళ్లే. దేవుడి మాన్యాలు ఎవరి చేతుల్లో ఉన్నాయి, లీజు డబ్బు వస్తోందా, ఆక్రమణల మీద ఏం చేస్తావు అని బొట్టు పెట్టుకున్నవాడినీ అడగాలి, పెట్టుకోనివాడినీ అడగాలి. వక్ఫ్ భూములైనా, చర్చి ఆస్తులైనా అంతే.

నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్ ఉంటుంది చూడండి, అందులో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, భార్య పేరున ఉన్న బంగారం దాకా అన్నీ రాయాలి. మతం కాలమ్ లేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. పోయిన ఎన్నికలకు మా నియోజకవర్గం వాళ్లవి డౌన్‌లోడ్ చేసి మా కాలనీ గ్రూపులో పెట్టా. "ఇంత పెద్ద ఫైల్ ఎవరు చదువుతారు సార్, ముఖ్యమైనది ఒక్కటి చెప్పండి" అన్నాడొకాయన. ఏది కావాలన్నా. "అదే సార్, మనవాడేనా?"