నంబర్ ప్లేటుకు మాస్కు, మోచేతికి హెల్మెట్

బండి కొన్నవారికి కలిగే సందేహాలు అనేకం ఉన్నా, వాటిలో బండికి సంబంధించినవి చాలా తక్కువ. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి అని అడిగే అమాయకులు అక్కడక్కడా లేకపోలేదు గాని, తెలుగు రాష్ట్రాల్లో చేయి తిరిగిన వాహనదారుడు అడిగే ప్రశ్న ఒక్కటే: “ముందర పోలీసులున్నారా?” ముఖపరిచయమైనా లేని ఎదుటి బండివాడు హెడ్‌లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పి, అడగకముందే ఈ ప్రశ్నకు జవాబు చెప్పిపోయే సమాజంలో పరోపకార బుద్ధి సన్నగిల్లిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

హెల్మెట్ సంగతే చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్, నడిపేవారితో పాటు వెనుక కూర్చున్నవారు కూడా దానిని తలకు ధరించాలని చెబుతోంది. చట్టం రాసినవారికి తల ఒక్కటే తోచింది. మనవాళ్లు మోచేయి, పెట్రోలు ట్యాంకు, సైడు అద్దం అనే మరో మూడు స్థానాలను ఆచారం ద్వారా చేర్చారు. కూడలి కనుచూపు మేరలోకి రాగానే తలకెక్కి, కూడలి దాటగానే యథాస్థానానికి చేరుకునే ఆ వస్తువుకు గడ్డం కింద ఒక పట్టీ ఉంటుందన్న విషయం మనలో చాలామందికి ఇంకా తెలియవలసి ఉంది.

అంతమాత్రాన మనకు రక్షణ మీద శ్రద్ధ లేదనడం అన్యాయం. కరోనా కాలంలో ముక్కుకు పెట్టుకోమన్న మాస్కును గడ్డానికి తగిలించుకున్న మనమే, ఈనాడు అదే మాస్కును నంబర్ ప్లేటు మీద చివరి రెండంకెలు పొరపాటున కూడా కనబడకుండా ఎంతో పొందికగా కడుతున్నాం. దెబ్బ తగిలేది తలకా, జరిమానా తగిలేది ప్లేటుకా అన్న విచికిత్సలో పడి, లోతుగా ఆలోచించి, ప్లేటునే కాపాడుకోవాలని నిశ్చయించుకున్న వివేకులం మనం.

ఇన్సూరెన్స్ విషయంలో మన తర్కానికి తిరుగే లేదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమాను కొన్ననాడే తీసుకోవడం తప్పనిసరి చేశారు కాబట్టి, అయిదేళ్లపాటు మనం బలవంతపు బాధ్యతాపరులం. ఆరో ఏట అసలు ప్రశ్న పుడుతుంది: “మనం గుద్దితే ఎదుటివాడికి వచ్చే డబ్బుకు మనం ప్రీమియం కట్టడమేమిటి?” దీనికి ఏజెంటు దగ్గర జవాబు ఉంటుంది గాని, వినే ఓపిక మన దగ్గర ఉండదు. బండి కొన్ననాడు గుడి ముందు చక్రాల కింద తొక్కించిన నిమ్మకాయల గడువు ఇంకా తీరలేదన్న నమ్మకంతో బండి ముందుకు సాగుతుంది.

పాత బండి అమ్మేటప్పుడు ఏం చేయాలన్నది మరో సందేహం. 29వ ఫారం, 30వ ఫారం నింపి, అమ్మినవారు పద్నాలుగు రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. వాడుకలో మాత్రం ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేస్తే సరిపోతుంది. అవి ఒకరి డిక్కీలోంచి మరొకరి డిక్కీలోకి మారుతూ ఉంటాయి. పాత యజమానికి తన బండి మీద ముగ్గురు అపరిచితులు ఎక్కడెక్కడ విహరిస్తున్నారో ఫోటోలతో సహా ఫోనుకు అందుతుంది. (అమ్మిన ఇల్లు గాని, అమ్మిన పొలం గాని ఇలా క్షేమ సమాచారాలు పంపవు.)

మైనరు కొడుక్కి బండి ఇవ్వవచ్చునా అని మాత్రం ఎవరూ అడగరు. తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, పాతికవేల జరిమానా అని 2019 సవరణ చెబుతున్నా, “మావాడు తొమ్మిదో తరగతికే బుల్లెట్ తోలుతున్నాడు” అని పెళ్లిళ్లలో చెప్పుకునే గర్వం ముందు అదెంత?

ఇక మిగిలింది చలానా ఎప్పుడు కట్టాలన్నది. ఈ విషయంలో ప్రభుత్వమే దారి చూపింది. తెలంగాణలో పేరుకుపోయిన చలానాలపై ద్విచక్ర వాహనాలకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరు చివరలో 80 శాతం రాయితీ ప్రకటించారు. ఆషాఢమాసపు చీరల దుకాణాలు సైతం సిగ్గుపడవలసిన ఔదార్యమిది. చలానా పడిన రోజే పూర్తి సొమ్ము కట్టినవాడికి సిగ్నల్ దాటినందుకు ఒక శిక్ష, వెంటనే కట్టినందుకు దానికి నాలుగింతల శిక్ష పడ్డట్టు లెక్క తేలుతుంది. అతడు ఆ రసీదును పటం కట్టించుకోవచ్చు.

ఈ రాయితీలు ఎప్పుడు వస్తాయో తెలియక ప్రజలు పడుతున్న మనోవేదన దృష్ట్యా నాదొక విన్నపం. ఉగాది పంచాంగంలో ప్రతి రాశికీ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎలాగూ అచ్చు వేస్తున్నారు గనుక, వాటి పక్కనే ఆ ఏటి చలానా రాయితీ శాతాన్ని, అది వచ్చే మాసాన్ని కూడా చేరిస్తే, రాంగ్ రూట్‌లో వెళ్లదలచినవారు తిథి, వార, నక్షత్రాలు చూసుకుని బయలుదేరడానికి వీలుంటుంది.